సి-బ్లాకు స్తంభాలకు నీళ్ళు పోసినందుకు సంజాయిషీ

ఎంబెయా,
ఆగస్టు 14, 2011, ఆదివారం

ప్రభుత్వోద్యోగుల గృహవసతి అధికారి గారి సముఖమునకు,

అర్జీదారు: అంబొకిలె మ్వండెంబో, సీనియర్ టెక్నీషియన్, సిమెంటు–కాంక్రీటు పరిశోధన కేంద్రం. కాపురం: అమాని ఫ్లాట్లు, సి-బ్లాకు, మొదటి అంతస్తు, నెం. 3.

విషయం: (1) స్తంభములకు నీళ్ళు పోయుట గురించి తమ నోటీసునకు సంజాయిషీ. (2) ఫ్లాటు మార్పు కొరకు నాలుగవ పర్యాయము వినతి. (3) మూడవది చివర గలదు. దయచేసి చివరి వరకు చదువవలెను.

అయ్యా,

తమ కార్యాలయం నుంచి ఈ నెల తొమ్మిదవ తేదీన వెలువడిన నోటీసు పదకొండవ తేదీన నాకు ముట్టినది. సి-బ్లాకు కింద, వాహనములు నిలుపు చోట గల పన్నెండు స్తంభములకు నేను గోనెపట్టలు చుట్టి, రోజుకు రెండు పూటలా నీళ్ళు పోస్తూ, పదహారు కుటుంబాలకు ఉమ్మడిగా ఉన్న ఒక్క కుళాయి నీటిని దుర్వినియోగం చేయుచున్నాననియు, వారము రోజులలో సంజాయిషీ ఇయ్యనిచో నా ఫ్లాటు కేటాయింపు రద్దగుననియు సదరు నోటీసు సారాంశము. అందులో రాసినది నిజమే. గోనెపట్టలు చుట్టినది నేనే, నీళ్ళు పోసినదీ నేనే. ఇందుకు సాక్షులు అక్కరలేదు, బ్లాకంతా చూసింది.

అయితే ఉమ్మడి నీళ్ళు వాడాననుట మాత్రం అన్యాయము. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, రెండు గంటలే వస్తుంది. ఇంటికి ఆరు బకెట్లు. నేను స్తంభములకు పోసినవి నా ఆరింటిలోని నాలుగు. మిగిలిన రెండింటితో ముగ్గురం నెట్టుకొస్తున్నాము. నా కూతురు లుగానోకు వారానికి ఒక్కసారే స్నానం. స్తంభాలకు బట్టలుతికిన నీళ్ళు పోయవచ్చు కదా అని నా భార్య తుసాజిగ్వె అడిగింది. సబ్బు నీళ్ళు కాంక్రీటుకు పనికిరావని చెప్పాను. ఆ మాట అన్నందుకు ఆ పూట నాకు ఉగాలి ముద్దలోకి కూర లేదు.

ఫిర్యాదు చేసినది ఎవరో నోటీసులో రాయలేదు గాని, మూడో అంతస్తు హౌలె గారని అందరికీ తెలుసు. ఆయనే చెప్పుకున్నారు. ఖజానా ఆఫీసు గుమాస్తా. భార్య పోయి నాలుగేళ్ళు, ఒక్కరే ఉంటారు. బ్లాకులో ఏ తగువు వచ్చినా ఆయన దగ్గరికే వెళతాము. నేను గోనెపట్టలు చుట్టిన మొదటి రోజునే వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. “ఏమయ్యా, పిల్లర్లకి జ్వరమా? తడిగుడ్డలు చుడుతున్నావ్?” అన్నారు. “కాస్త ఒళ్ళు వెచ్చబడింది, పెద్దాయనా” అన్నాను. ఆయన నవ్వుకుంటూ మెట్లెక్కారు. మూడో వారానికి ఆ నవ్వు పోయింది, ఏడో వారానికి కాగితం వచ్చింది. ఆయన తప్పు లేదు. కారణం చెప్పకుండా రోజూ స్తంభాలకు నీళ్ళు పోసేవాణ్ణి నేనైనా అనుమానించేవాణ్ణే.

ఇక రెండవ అంశము. ఫ్లాటు మార్చవలసినదిగా గతంలో మూడు అర్జీలు పెట్టుకున్నాను. వాటిలో నేను విన్నవించిన కారణములు తమ సౌలభ్యము కొరకు మరల ఒకచోట చేర్చుచున్నాను.

1. నెం. 3 ఫ్లాటు వంటగదిలో గాలి ఎదురు కొట్టి, పొగ లోనికే వచ్చుచున్నది. (తమ జవాబు: బొగ్గు కుంపటి వాడవలదు.)

2. మెట్లు ఎక్కుట వలన నా భార్యకు మోకాళ్ళ నొప్పి. (తమ జవాబు: వైద్యుని పత్రము జతపరచలేదు.)

3. పై అంతస్తులోని నెం. 7 వారు తెల్లవారుజామున రోకలితో మొక్కజొన్న దంచుచున్నారు. (తమ జవాబు: ఇరుగుపొరుగుతో సర్దుకొనవలెను.)

4. పరిశోధన కేంద్రమునకు దూరము. (తమ జవాబు: నడచిన పది నిమిషములు.)

5. నాకు ఎత్తు పడదు, కళ్ళు తిరుగును. (తమ జవాబు: మొదటి అంతస్తును ఎత్తుగా పరిగణించజాలము.)

తమ జవాబులన్నీ న్యాయమైనవే. ముఖ్యంగా రెండవ దాని విషయంలో నేను సిగ్గుపడుచున్నాను. నా భార్యకు ముప్ఫై ఒక్క ఏళ్ళు. తుకుయు కొండల్లో పుట్టి పెరిగింది. నిండు అరటిగెల నెత్తిన పెట్టుకుని ఏటవాలు ఎక్కుతూ పాట పాడగల మనిషి. ఆమె మోకాళ్ళు నా మోకాళ్ళకన్నా గట్టివి.

నోటీసులో కేటాయింపు రద్దు చేస్తామని చదివినప్పుడు, నిజం చెప్పవద్దూ, ఒక పూట సంతోషించాను. పోతే పోయింది, పీడా వదిలింది అనుకున్నాను. ఆ తరువాత జాబితా గుర్తుకొచ్చింది. తమ కార్యాలయం గోడకు అంటించిన జాబితాలో నా తరువాతి పేరు పశువుల ఆసుపత్రి కాంపౌండరుది. ఆయనకు కవల పిల్లలు. నేను ఖాళీ చేసిన మర్నాడే వాళ్ళు చాపలు చంకన పెట్టుకుని వచ్చేస్తారు. పోనీ తాళం వేసుకుని పోదామంటే, ఏడు రోజులు తాళం ఉన్న ఫ్లాటు వదులుకున్నట్టే లెక్క అని తమ నిబంధన. అప్పుడూ వచ్చేది ఆ కవలలే. ఉండలేను, పోలేను, పోయి ఇంకొకరిని అందులో పెట్టలేను. విసుగొచ్చి నెత్తి గోడకేసి కొట్టుకుందామన్నా, ఈ గోడల మీద నాకు నమ్మకం లేదు.

6. ఆరవ కారణము. పైన రాసిన అయిదింటిలో రెండవది తప్ప అన్నీ నిజములే, కాని అవి కారణములు కావు. అసలు కారణము ఇది. సి-బ్లాకు బలము చాలని కట్టడము. ఇది నాకు అనుమానము కాదు, తెలిసిన సంగతి. ఎలా తెలుసుననగా, ఆ కాంక్రీటును పరీక్షించి భేషుగ్గా ఉన్నదని సంతకము చేసినది నేనే.

అయ్యా, నా పని తమకు తెలిసి ఉండకపోవచ్చు. ఎక్కడైనా స్తంభము పోసేటప్పుడు, ఆ కలిపిన మాలులోనే కొంత ఇనుప అచ్చులలో నింపి, జానెడు చదరపు దిమ్మెలు తీస్తారు. వాటిని క్యూబులంటాము. తేదీ చెక్కి, మా కేంద్రానికి పంపుతారు. ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళ తొట్టిలో ఉంచి, ఆపైన నేను వాటిని మెషీనులో పెట్టి నొక్కి పగలగొడతాను. ఎంత బరువుకు పగిలితే అంత బలము. సి-బ్లాకు ప్లానులో కోరిన బలము ఇరవై ఐదు. కొలత పేరుతో తమకు పని లేదు, ఇరవై ఐదు వస్తే పాసు, రాకపోతే ఫెయిలు అనుకుంటే చాలు.

ఈ ఊరి చుట్టూ పాత అగ్నిపర్వతాలు కక్కిన బూడిద కొండలకు కొండలుగా ఉంది. దానిని నూరి, సిమెంటులో మూడింట ఒక వంతు కలిపితే సిమెంటు ఖర్చు తగ్గుతుంది, బలము తగ్గదు. మా డైరెక్టరు డాక్టర్ మ్వైసుంబె గారు పదకొండేళ్ళు దీని మీదే పనిచేశారు. నూరినది నేను, జల్లెడ పట్టినది నేను, పగలగొట్టిన క్యూబులు మూడు వేలు దాటాయి. ఈ బూడిద సిమెంటు నిదానస్తుడు గాని సోమరి కాదు. ఇరవై ఎనిమిది రోజులకు మామూలు సిమెంటు కన్నా కొంచెం వెనకబడుతుంది. మూడు నెలలకు పక్కన నిలుస్తుంది. ఏడాదికి దాటిపోతుంది. ఒక్కటే షరతు, మొదట్లో దానిని ఆరనివ్వకూడదు, నీళ్ళు పోస్తూనే ఉండాలి. దీనితో కట్టిన మొదటి పెద్ద భవనము సి-బ్లాకు. శంకుస్థాపన నాడు డాక్టర్ గారు కోటు వేసుకుని వచ్చారు, నాకు కూడా ఒక దండ వేశారు.

సి-బ్లాకు స్తంభాల క్యూబులు ఆరు వచ్చాయి. మెషీనులో పెట్టాను. పన్నెండు, పదకొండు, పదమూడు, పన్నెండు, పదకొండు, పన్నెండు. మంచి కాంక్రీటు పగిలేటప్పుడు టప్పున శబ్దం చేస్తుంది. ఇవి కిక్కురుమనకుండా కూలబడ్డాయి. ముక్క తీసి గోటితో గీరితే పొడి రాలింది.

ఏం జరిగిందో చూద్దామని పని జరిగే చోటికి వెళ్ళాను. మేస్త్రీ బూడిద సగానికి సగం కలుపుతున్నాడు. ఇదేమిటయ్యా, మూడింట ఒకటే కదా అని అడిగాను. మంచి సరుకని మీరే చెప్పారు కదా, మంచిది ఇంకొంచెం వేస్తే ఇంకా మంచిది కాదా అని అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. బూడిద కొండ మీద ఊరికే దొరుకుతుంది, సిమెంటు ఊరికే దొరకదు కాబట్టి కంట్రాక్టరు సంగా ఆ మేస్త్రీ అమాయకత్వాన్ని సరిదిద్దలేదు. పైగా జూలై నెల, నీళ్ళ కరువు. ఇంజనీరు వచ్చిన రోజు తప్ప స్తంభాల మీద చుక్క పడలేదు.

అంకెలు తీసుకుని డాక్టర్ గారి గదికి వెళ్ళాను. ఆయన ఆ కాగితం చూశారు.

“క్యూబు విరిగింది గానీ బిల్డింగు విరగలేదు కదా అంబొకిలె” అన్నారు. “ఈ అంకె బయటికి పోతే సంగాని ఎవడూ తిట్టడు. బూడిదని తిడతారు. పదకొండేళ్ళ పని పోయి బూడిదలో పడుతుంది. మన సిమెంటు సంగతి నీకు నేను చెప్పాలా? తొంభై రోజులు ఆగు, అదే పుంజుకుంటుంది.”

నేను నమ్మాను. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను. కాని తొంభై రోజులు ఎవరూ ఆగలేదు. మరుసటి వారమే సంగా మనిషి ఇంకో ఆరు క్యూబులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పాత తేదీయే చెక్కి ఉంది. బూడిద కలిసిన కాంక్రీటు కాస్త ఎర్రమట్టి ఛాయలో ఉంటుంది. ఇవి నీలం బూడిద రంగులో నిగనిగలాడుతున్నాయి. అచ్చమైన సిమెంటు, దండిగా పోసి, మా కోసమే ప్రత్యేకంగా చేసినవి. మెషీను దాకా వెళ్ళకుండానే నాకు తెలిసిపోయింది. అయినా పెట్టాను. ఇరవై తొమ్మిది వచ్చింది. ఇరవై తొమ్మిది అని రాశాను, సంతకం పెట్టాను, దాని పైన డాక్టర్ గారు పెట్టారు.

సర్టిఫికెట్టు త్వరగా ఇచ్చినందుకు మెచ్చుకుని, తమ విభాగం సి-బ్లాకులో ఒక ఫ్లాటును మా కేంద్రానికి కేటాయించింది. తొమ్మిదేళ్ళుగా జాబితాలో ఉన్నవాణ్ణి నేను. డాక్టర్ గారు అందరినీ పిలిచి, టీ ఇప్పించి, తాళంచెవి నా చేతిలో పెట్టారు. “నువ్వు పరీక్షించిన ఇంట్లో నువ్వే ఉండు, ఇంతకన్నా ఏం కావాలి?” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మాటలో వెటకారం ఉందేమోనని మొహంలోకి చూశాను. లేదు. ఆయన నిజంగానే మరచిపోయారు. ఇంటికి వెళ్ళి తాళంచెవి చూపిస్తే తుసాజిగ్వె దాన్ని కొంగున ముడివేసుకుని, అద్దె గది ముందు వీధిలోనే నాలుగు అడుగులు ఆడింది. ఆ సమయంలో ఏ మగవాడు నోరు విప్పగలడో తమరే చెప్పండి.

అది జరిగి పద్నాలుగు నెలలు. ఈ పద్నాలుగు నెలలూ నేను ఆ ఇంట్లో ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను. పై ఇంట్లో, మా లుగానో నేస్తం రెహెమా వాళ్ళమ్మ మొక్కజొన్న దంచితే రోకటిపోట్లు లెక్కపెడతాను. నాలుగో అంతస్తులో పెళ్ళి జరిగి, చుట్టాలంతా డోళ్ళు వాయిస్తూ గెంతుతుంటే, అందరూ నన్ను భోజనానికి పిలుస్తుంటే, నేను కింద స్తంభానికి అరచేయి ఆనించి నిలబడ్డాను. బిడియపడుతున్నాననుకుని పెళ్ళికొడుకు మేనమామ నాకు ఒక గ్లాసు తెచ్చి ఇచ్చాడు.

కాంక్రీటును పగలగొట్టకుండా దాని బలము చెప్పే చిన్న సుత్తి ఒకటి మా కేంద్రంలో ఉంది. జూన్ నెలలో దానిని సంచిలో పెట్టి ఇంటికి తెచ్చి, పన్నెండు స్తంభాలనూ కొట్టి చూశాను. పదింటికి పద్నాలుగు, పదిహేను. అయిదవ దానికి, ఎనిమిదవ దానికి పదకొండు. అప్పుడే గోనెపట్టలు కొన్నాను. ఆలస్యమైనా నీళ్ళు పడితే బూడిద సిమెంటు మళ్ళీ కొంత పుంజుకుంటుందని నేనే పరీక్షించి చూసిన సంగతి. ఏడు వారాలు పోశాను. అయిదవ స్తంభం పదకొండు నుంచి పన్నెండుకు వచ్చింది. తడి మీద ఆ సుత్తి సరిగా చెప్పదని నాకు తెలుసు. అయినా ఆ రోజు లుగానోకు, పక్కనే ఉన్న రెహెమాకు చెరో రెండు తీపి మండాజీలు కొనిపెట్టాను.

ఎనిమిదవ స్తంభానికి పైభాగాన సన్నని బీట ఉంది. బీట ఆగిందో సాగుతోందో తెలుసుకోవడానికి దాని మీద అడ్డంగా ఒక గాజుపలక అంటించాను. బీట కదిలితే గాజు పగులుతుంది. మొన్న శుక్రవారం మధ్యాహ్నం భూమి కాస్త కదిలింది. మన ఊరికి అది కొత్త కాదు, తమ కార్యాలయంలో ఎవరూ కుర్చీలోంచి లేచి ఉండరు. నేను పరుగెత్తుకుని వచ్చి చూశాను. గాజు రెండు ముక్కలైంది. గాజు అబద్ధం చెప్పదు, దానికి డైరెక్టరు లేడు.

ఆ సాయంత్రం తుసాజిగ్వెకు మొత్తం చెప్పాను. కుంపటి మీది గిన్నె దించి వచ్చి కూర్చుంది. నేను అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాను. అత్తకు ఒంట్లో బాగాలేదని చెప్పి నువ్వు పిల్లను తీసుకుని తుకుయు వెళ్ళిపో, నేనిక్కడ ఉంటాను కాబట్టి తాళం పడదు, ఎవరికీ అనుమానం రాదు అన్నాను. పైవాళ్ళకు తెలుసా అని అడిగింది. తెలియదన్నాను.

“రెహెమా పొద్దస్తమానం మనింట్లోనే ఉంటుంది. లుగానో పక్కనే కూర్చుని తింటుంది” అంది. “ఇద్దరిలో ఒకదాన్నే చెయ్యి పట్టుకుని బస్సెక్కమంటావా, లుగానో నాన్నా? ఇంకోదానికి ఏం చెప్పి వెళ్ళను?”

ఆమె లేచి, నేను సర్ది పెట్టిన సంచీని మంచం కిందికి తోసేసింది.

“కాగితం తియ్యి” అంది. “ఈసారి నా మోకాళ్ళ గురించి రాయకు.”

అందువలన, అయ్యా, విషయములోని మూడవ అంశము. నా ఫ్లాటు మార్పు కొరకు పెట్టుకున్న వినతిని ఇంతటితో ఉపసంహరించుకొనుచున్నాను. దానికి బదులు సి-బ్లాకులోని పదహారు కుటుంబాలను, చంటిబిడ్డలతో కలిపి డెబ్భై మూడు ప్రాణాలను, తక్షణము ఖాళీ చేయించవలెనని, ఖాళీ చేసినందుకు ఎవరి కేటాయింపూ రద్దు చేయరాదని, స్తంభాల మధ్య ఇనుప ఆసరాలు నిలబెట్టించి, స్తంభాల నుంచే ముక్కలు తొలిచి తీసి, మా కేంద్రంలో కాక వేరొక ఊరిలో పరీక్ష చేయించవలెనని వేడుకొనుచున్నాను. మొదటి ఆరు క్యూబుల అంకెలున్న రిజిస్టరు పేజీ నకలు దీనికి జతపరచాను. ఆ పగిలిన ముక్కలు నేను పారేయలేదు. తేదీలతో సహా నా పనిబల్ల కింద గోనెసంచిలో ఉన్నాయి, తమరు మనిషిని పంపితే చూపిస్తాను.

మరొక మనవి. బూడిద తప్పు ఏమీ లేదు. కొలిచి కలిపి, నీళ్ళు పోసి ఉంటే ఆ స్తంభాలు ఈపాటికి ముప్ఫై పలికేవి. నా మీద, సంగా మీద, డాక్టర్ గారి మీద విచారణ జరిపినప్పుడు దాని పేరు చెడగొట్టవద్దు. మూడు వేల క్యూబులు పగలగొట్టినవాణ్ణి, ఆ మాత్రం అడిగే హక్కు ఇంకా నాకు మిగిలి ఉన్నదనుకుంటున్నాను.

ఇందులో దాచినది లేదు, కలిపినదీ లేదు. తమరు చిత్తము పెట్టి చదివి, ఈ రోజే నిర్ణయము చేయవలెనని ప్రార్థించుచు,

అందరికీ విధేయుడై ఇంత పని చేసిన
అంబొకిలె మ్వండెంబో

తా.క. సోమవారం ఉదయం.

దీనిని పోస్టులో వేయడం లేదు. నిన్న మధ్యాహ్నం బ్లాకు ముందు అందరినీ కూర్చోబెట్టి పైదంతా చదివి వినిపించాను. తుసాజిగ్వె నా పక్కన నిలబడింది. చదవడం అయ్యాక రెహెమా వాళ్ళమ్మ వచ్చి నా చొక్కా పట్టుకుంది. పట్టుకోవలసిందే. పద్నాలుగు నెలలు నాకు ఎదురుపడినప్పుడల్లా “పొద్దున్నే రోకలి చప్పుడు చేస్తున్నాను, ఏమీ అనుకోకు అన్నా” అని చెప్పిన మనిషి ఆమె. చొక్కా వదిలి, పైకి వెళ్ళి, పిల్లను ఎత్తుకుని దిగింది. ఆమె వెనకే మిగిలినవాళ్ళూ పైకి వెళ్ళి, సామాను సర్దుకుని ఒక్కొక్కరే దిగారు. రాత్రి చర్చి హాలులో పడుకున్నాము.

ఇప్పుడు తమరు కిటికీలోంచి చూస్తే పదిహేను కుటుంబాలు తమ వరండాలో కనబడతాయి. చాపలు, గిన్నెలు, రెండు కోళ్ళు ఉన్నాయి. జవాబు వచ్చేవరకు ఇక్కడే ఉండదలచాము. వరండా తట్టుకుంటుందా అని తమరు ఆందోళన పడవద్దు. తమ కార్యాలయ భవనపు క్యూబులు పగలగొట్టినది కూడా నేనే. ముప్ఫై రెండు వచ్చింది, ఒక్క విడతే తెచ్చారు.

పదహారవ ఇల్లు హౌలె గారిది. విన్నాక పైకి వెళ్ళినవారు మళ్ళీ దిగలేదు. నిన్న సాయంత్రం వెళ్ళి బతిమాలాను, ఈ ఉదయం మళ్ళీ వెళ్ళాను. తలుపు తీయలేదు, కిటికీలోంచి మాట్లాడారు. పదిహేడేళ్ళు ఆ జాబితాలో ఉన్నారట, భార్య ఈ ఇల్లు చూడకుండానే పోయిందట. ఏడు రోజులు తాళం పడితే ఇంకొకరికి రాసేస్తారని ఖజానా గుమాస్తాకు ఒకరు చెప్పాలా? ఫరవాలేదు, అలా జరగదు, నా మాట నమ్మండి పెద్దాయనా అన్నాను.

“నీ సంతకం చూసి ఎక్కాం. ఇప్పుడు నీ మాట విని దిగమంటావా?” అన్నారు. కోపంగా అనలేదు. “ముద్ర ఉన్న కాగితం తే నాయనా. దిగుతాను.”

అయ్యా, విచారణ, ఆసరాలు, పరీక్షలు, నా ఉద్యోగం సంగతి, ఇవన్నీ తరువాత చూడవచ్చు. ముందు ఒక్క వాక్యం చాలు. ‘సి-బ్లాకు ఖాళీ చేసినవారి ఫ్లాట్లు వేరెవరికీ కేటాయించబడవు’ అని ఈ కాగితం అడుగున నేనే రాసి, కింద ఖాళీ వదిలాను. అక్కడ సంతకం పెట్టి ముద్ర వేయండి. సైకిలు బయట పెట్టి తమ తలుపు దగ్గరే నిలబడ్డాను. ఇది తమరు చదువుతున్నంతసేపూ ఆయన పైనే ఉన్నారు.